రొటీన్ అని పక్కన పెట్టినవి

అమ్మలూ,

మెసేజ్ క్యూలకు, అంటే ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి పంపే మెసేజ్‌లు తమ వంతు కోసం ఆగే వరసలకు, ప్రయారిటీ పెట్టే పని నీ చేతికి ఇచ్చారని నిన్న మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఈ క్యూలు నడిపే సాఫ్ట్‌వేర్ రాబిట్‌ఎంక్యూలో, దాని క్లాసిక్ రకం క్యూకి 255 ప్రయారిటీ స్థాయిల దాకా పెట్టుకోవచ్చు, కానీ నువ్వు 5 దాటకు. క్యూ తయారయ్యాక ఆ సంఖ్య మార్చలేం, ముందే తేల్చుకో. ప్రీఫెచ్, అంటే ముందే తీసుకునే మెసేజ్‌ల సంఖ్య, తగ్గించు. వర్కర్, అంటే క్యూలోంచి మెసేజ్‌లు తీసి పని చేసే ప్రోగ్రామ్, వంద మెసేజ్‌లు ముందే తీసేసుకుంటే, తర్వాత వచ్చిన అర్జెంటుది వాటి వెనకే ఆగుతుంది. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ కాఫ్కాలో ఈ ప్రయారిటీ సదుపాయమే లేదు, టాపిక్‌లు, అంటే దాని మెసేజ్ వరసలు, వేరు చేసుకోవాలి.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఒక ఆసుపత్రికి ల్యాబ్ రిపోర్టులు పంపే సిస్టమ్ నేనే కట్టాను. అర్జెంటువి ముందు, రొటీన్‌వి తర్వాత. ఒకరోజు పాత రికార్డులన్నీ కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది. తొందరగా కావాలని అడిగారు. కాదనలేక అన్నిటికీ పై ప్రయారిటీ ఇచ్చేశాను. క్యూ గ్రాఫ్ లక్షల నుంచి నున్నగా కిందికి దిగుతోంది. చూసి సంతోషపడి ఇంటికి వెళ్లాను. రెండు రోజులు అలాగే దిగింది. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క అలారం మోగలేదు.

రెండో సాయంత్రం వార్డు నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. "సార్, మొన్నటి రక్తపరీక్ష ఇంకా రాలేదు." వెతికితే ఆ రిపోర్టు పాత రికార్డుల కింద కదలకుండా పడి ఉంది. రొటీన్ పరీక్షే, కానీ అందులో పొటాషియం ప్రమాదకరంగా ఉంది. ఆ పెద్దాయన బతికాడు. ఆవిడ ఫోన్ చేసింది కాబట్టి. ఇప్పటికీ రాత్రిపూట ఫోన్ మోగితే ఆ గొంతే గుర్తొస్తుంది.

అందుకే అడుగుతున్నాను. క్యూలో ఎన్ని ఉన్నాయో ఒక్కటే చూడకు, అన్నిటికన్నా పాతది ఎంతసేపటి నుంచి ఆగిందో చూడు. పంపేటప్పుడే ప్రతి మెసేజ్‌లో టైమ్ వేయించు, ఆగిన సమయం నువ్వు పెట్టుకున్న హద్దు దాటితే అలారం మోగించు. రొటీన్‌వాటికి వేరే క్యూ, దానికే కేటాయించిన వర్కర్ ఉండాలి. ఎంత రద్దీ ఉన్నా ఆ వర్కర్‌ని ఇంకో పనికి లాగనివ్వకు. రాబిట్‌ఎంక్యూ 4.0 వెర్షన్‌లో కోరమ్ క్యూలు, అంటే మెసేజ్‌లను ఒకటికి మించిన సర్వర్లలో దాచే రకం, రెండు అర్జెంటువి ఇచ్చి ఒక మామూలుది ఇస్తాయి, అదీ పరిశీలించు. ఇలా మూటలుగా వచ్చే పాత డేటాకి అన్నిటికన్నా కింది స్థాయే.

ప్రతి టీమూ మాదే అర్జెంటు అంటుంది. చిన్నప్పటి నుంచీ నీకు కాదనడం రాదు, నీ బొమ్మలన్నీ పక్కింటి పిల్లలకే పోయేవి. ఇక్కడ మొహమాటపడితే ఊరుకోను! ఏది అర్జెంటో కాగితం మీద రాయించి, మీ మేనేజర్ చేత ఒప్పించు.

మార్పు పెట్టే రోజు రాత్రి నాకు ఫోన్ చేయి. ఎంత ఆలస్యమైనా సరే, మేలుకునే ఉంటాను. ఫోన్ చేసేముందు ఆ పాత మెసేజ్ వయసెంతో చూసి చెప్పు.

మీ పెదనాన్న