డీజిల్ ముల్లును నమ్మకముందు: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పాత టాటా 1613 లారీ కొన్నావనీ, వచ్చే వారం నుంచే లోడు ఎత్తుతావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, మన ఇంట్లో మళ్ళీ లారీ తాళంచెవి కనబడబోతోందన్న సంతోషంతో నాకు కాసేపు మాట రాలేదు. అయితే ట్యాంకు నిండా పట్టించినా డీజిల్ ముల్లు ముప్పావు దాటడం లేదనీ, దాన్ని నువ్వు చిన్న లోపమన్నావనీ కూడా ఆమె చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందుగా ఫ్యూజూ, మీటరు వెనుక వైర్లూ చూడు. తరువాత ట్యాంకు మూత బిగించి ఉండగానే, తాళం తిప్పి ఉంచి, ట్యాంకులో డీజిల్ మీద తేలుతూ మట్టాన్ని మీటరుకు తెలిపే ఫ్లోటుకు వచ్చే వైరును ఊడదీసి ముల్లును గమనించు. ఆపైన ఆ వైరు కొసను ట్యాంకుకు దూరంగా ఛాసిస్‌కు ఒక్క క్షణం తాకించు. ముల్లు ఒకసారి ఈ చివరకూ, మరొకసారి ఆ చివరకూ పూర్తిగా వెళితే మీటరూ వైరూ బాగున్నట్టే. లోపం ఫ్లోటులోనో, దాని ఎర్త్‌లోనో ఉంటుంది. ట్యాంకు రబ్బరు పట్టీల మీద కూర్చుంటుంది కనుక ఎర్త్ వైరు తుప్పు పట్టినా, దాని కింద రంగు పూసినా ముల్లు అబద్ధం చెబుతుంది. ఇంజను వేడిని చూపే ముల్లు కూడా తప్పు చూపిస్తుంటే రెండు మీటర్లకూ కరెంటు అందే చోటును అనుమానించాలి. ఫ్లోటును బయటికి తీస్తే చెవి దగ్గర ఆడించి చూడు. లోపల డీజిల్ చప్పుడు వినిపిస్తే అది మునిగిపోతున్నదని అర్థం.

ఇవన్నీ ఏ ఎలక్ట్రీషియనైనా చేస్తాడు. నేను చెప్పదలచుకున్నది వేరు.

మా పాత లారీ ట్యాంకు అడుగు తుప్పు పట్టి కారుతుంటే, ఆటోనగర్‌లో మరో బండి ట్యాంకు తెచ్చి బిగించాను. పట్టే లీటర్లు దాదాపు ఒకటే, కానీ అది పొడవు ఎక్కువ, లోతు తక్కువ. డబ్బు మిగులుతుందని పాత ఫ్లోటునే అందులో పెట్టించాను. ఆనాటి నుంచి నిండా పట్టించినా ముల్లు ముప్పావు దగ్గరే ఆగేది. పైన ఫ్లోటు ట్యాంకు కప్పుకు తగిలి ఆగిపోతున్నదనీ, అదే లెక్కన కింద కూడా అడుగుకు ఆనుకుని ఆగుతుందనీ, ట్యాంకు ఎండిపోయినా ముల్లు పావు చూపిస్తూనే ఉంటుందనీ నాకు తట్టలేదు. పైన తక్కువ చూపిస్తున్నది కనుక కింద కూడా తక్కువే చూపిస్తుందని ధైర్యంగా ఉన్నాను.

1991 జనవరిలో ఒక రాత్రి తాడేపల్లిగూడెం నుంచి కాకినాడకు బియ్యం బస్తాలతో బయలుదేరాము. మీ నాన్నకు అప్పుడు 19 ఏళ్ళు, నా బండికి క్లీనరు. కొవ్వూరు రాకముందే "అన్నయ్యా, ఒకసారి ట్యాంకులో కర్ర ముంచి డీజిల్ ఎంతుందో చూద్దామా?" అని అడిగాడు. పావు ట్యాంకు కనిపిస్తుంటే కర్ర ఎందుకని కసిరాను. గోదావరి మీద రోడ్డు, రైలు కలిసి ఉన్న ఆ వంతెన నాలుగు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దాని నడిమధ్యలో ఇంజను రెండుసార్లు తడబడి ఆగిపోయింది. కింద రైలు వెళుతుంటే బండి మొత్తం వణికింది. వెనుక ఎర్రదీపాలలో ఒకటే వెలుగుతోంది. మీ నాన్నకు టార్చిలైటూ, తువ్వాలూ ఇచ్చి వెనుక నిలబడమన్నాను. క్యానులో ఉన్న ఐదు లీటర్లు పోసి, ఫిల్టరు స్క్రూ వదులు చేసి, గాలి బుడగలు పోయి డీజిల్ ధార వచ్చేవరకు చేతిపంపు కొడుతూ ఉండగా బ్రేకుల కీచుమన్న శబ్దం వినిపించింది. వెళ్ళి చూస్తే ఒక బస్సు మీ నాన్నకు బారెడు దూరంలో ఆగి ఉంది. వాడు తువ్వాలు దించకుండా అలాగే నిలబడి ఉన్నాడు.

ఈ సంగతి మీ నాన్న నీకెన్నడూ చెప్పి ఉండడు. నన్ను ఆ రోజూ ఒక్క మాట అనలేదు, ఆ తరువాతా అనలేదు.

అబ్బాయీ, నీ బండి ముల్లు కూడా ముప్పావు దగ్గరే ఆగుతోంది. పాత యజమాని ట్యాంకు మార్చాడేమో అడుగు. ఫ్లోటు కాడ ఊగే మేర ట్యాంకు లోతుకు సరిపోతుందో లేదో చూసి, సరిపోకపోతే తగినది వేయించు. తరువాత బండిని చదునైన చోట నిలిపి, ట్యాంకు ఖాళీ చేసి, 20 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ కర్ర మీద గాటు పెట్టు. డ్రమ్ము ఆకారపు ట్యాంకయితే నడుము దగ్గర అంగుళానికి ఎక్కువ పడుతుంది, కనుక గాట్లు సమాన దూరంలో రావు, అంచనాతో గీయవద్దు.

ఆ పనిలో దగ్గర బీడీ వెలిగించనీయకు, ట్యాంకుకు వెల్డింగు పెట్టనీయకు. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదని అందరూ అంటారు, కానీ మన దేశపు డీజిల్ ప్రమాణంలో దాని ఆవిరి అంటుకునే వేడికి కనీస హద్దు 35 డిగ్రీలే, మన ఎండాకాలం ఆ హద్దును రోజూ దాటుతుంది.

కసురుతున్నానని అనుకోకు, నాయనా. ట్యాంకు లోతు ఎన్ని అంగుళాలో కొలిచి ఈ రాత్రికే ఫోను చెయ్యి. టేకు బద్ద తెచ్చి ఉంచాను, ఆ కొలతకు నేనే చెక్కి, ఆదివారం గాట్లు పెట్టేటప్పుడు నీ పక్కన ఉంటాను. మీ నాన్నను కూడా వెంట తీసుకురా.

ఇట్లు,
నీ పెదనాన్న