డాక్టర్లకు ఉన్నట్టు క్రిమినల్ లాయర్లకూ శిక్షణ తప్పనిసరి చేయాలా?

చేయాలి. అయితే ఏడాదికి ఇన్ని గంటలని లెక్కపెట్టే శిక్షణ వల్ల పని జరగదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా గోదావరి జిల్లాల్లో డిఫెన్స్ వైపే, అంటే ముద్దాయిల తరఫునే ప్రాక్టీసు చేస్తున్నాను. ఎందుకు ఇలా అంటున్నానో తెలియాలంటే 2019లో నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్పాలి.

అదొక గంజాయి కేసు. ముద్దాయి ఆటో నడుపుకునే కుర్రాడు, పాతికేళ్ళు కూడా లేవు. ఏజెన్సీ నుంచి దిగిన సరుకు, 14 కిలోల బస్తా, అతని ఆటోలో దొరికింది. మధ్యవర్తుల నివేదిక, శాంపిళ్ళు, రిమాండ్ అన్నీ మామూలుగానే అయిపోయాయి. సెషన్స్ కోర్టులో బెయిల్ పిటిషన్ వేస్తే కొట్టేశారు. వాళ్ళమ్మ ఇడ్లీ బండి మీద బతికే మనిషి. కోర్టు మెట్ల మీద కూర్చుని, "ఇంకెన్నాళ్ళు బాబూ?" అని అడిగింది.

"గంజాయి కేసమ్మా, ఛార్జిషీటు వేయడానికి వాళ్ళకు 180 రోజులు టైముంది. అప్పటికీ వేయకపోతే బెయిల్ ఇచ్చి తీరాలి" అన్నాను.

తర్వాతి వాయిదాకు ఆమె ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చుట్టి తెచ్చింది. రిమాండ్ అయిన తేదీ పక్కన కుంకుమ బొట్టు ఉంది. అక్కణ్ణుంచి రోజుకో పెన్సిల్ గీత. 180వ రోజు ఎప్పుడొస్తుందో గుర్తు పెట్టి ఇమ్మంది. నేనే లెక్కేసి, నా పెన్నుతో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి ఇచ్చాను.

74వ రోజున ఛార్జిషీటు పడింది. ఆ వారంలోనే వేరే పని మీద మా సీనియర్ గారింటికి వెళ్ళాను. మాటల్లో ఈ కేసు సంగతి వస్తే ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఎన్ని కిలోలు?" అన్నారు. 14 అండీ అన్నాను. "మరి 61వ రోజున పిటిషన్ వేశావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన లేచి వెళ్ళి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) బేర్ యాక్ట్ పుస్తకం తెచ్చి, సెక్షన్ 36ఏ(4) తీసి నా ముందు పెట్టారు. 180 రోజుల గడువు ప్రధానంగా కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపార స్థాయి పరిమాణం ఉన్న కేసులకు. మిగతావాటికి మామూలు కేసుల్లాగే, శిక్షను బట్టి 90 లేదా 60 రోజులు. గంజాయి 20 కిలోలు దాటితేనే కమర్షియల్. 14 కిలోలకు శిక్ష 'పదేళ్ళ వరకు' మాత్రమే. 'పదేళ్ళకు తక్కువ కాకుండా' అని చట్టం చెప్పని చోట గడువు 90 కాదు, 60 రోజులేనని 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అది అవినీతి నిరోధక చట్టం కింద వచ్చిన కేసే అయినా సూత్రం ఇదే. గడువులోగా ఛార్జిషీటు పడకపోతే హక్కుగా వచ్చే ఈ డిఫాల్ట్ బెయిల్ నోటితో అడిగినా చాలని కూడా అందులోనే చెప్పారు. అంటే 60 రోజులు నిండినప్పటి నుంచి ఛార్జిషీటు పడేలోగా ఏ ఒక్క రోజు నేను లేచి నిలబడి అడిగినా ఆ కుర్రాడు బయటికొచ్చేవాడు. ఛార్జిషీటు పడ్డాక ఇక ఆ హక్కు లేదు.

ఆ సాయంత్రమే బండి దగ్గరికి వెళ్ళి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "అయితే ఆ సున్నా తప్పు తేదీ మీద పెట్టారా బాబూ?" అంది. ఫీజు తిరిగిచ్చేశాను. హైకోర్టులో బెయిల్ వచ్చేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

నేను చదవక చేసిన తప్పు కాదిది. ఆ సెక్షన్ అంతకు ముందు ఎన్నోసార్లు చదివాను. కానీ బార్ రూమ్‌లో అందరి నోటా 'గంజాయి అంటే 180' అన్న మాటే. విని విని అదే చట్టం అనుకున్నాను. పక్కన కూర్చుని "ఎన్ని కిలోలు?" అని అడిగే మనిషి లేడు. నా దృష్టిలో లాయరుకు శిక్షణ అంటే ఆ అడిగే మనిషి ఉండటమే.

డాక్టర్ల నిబంధనల్లో ఐదేళ్ళకు 30 గంటలని రాసి ఉంది. కాలిఫోర్నియాలో లాయర్లకు మూడేళ్ళకు 25 గంటలు. మనకు మాత్రం బార్ పరీక్ష ఒకసారి పాసైతే జీవితాంతం మళ్ళీ అడిగేవాళ్ళు లేరు. 2024 జూలై 1న ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం మూడూ ఒక్కసారిగా మారాయి. పోలీసులకు క్లాసులు పెట్టారు, జడ్జీలకు అకాడమీలున్నాయి. ముద్దాయి పక్కన నిలబడేవాడు మాత్రం తన డబ్బుతో పుస్తకం కొనుక్కుని తనే చదువుకోవాలి. ఇది న్యాయం కాదు. నష్టపోయేది లాయరు కాదు, జైల్లో ఉన్నవాడు.

ఇక సెమినార్ల సంగతి. నేను వెళ్ళినవాటిలో సగం పూట శాలువాలకూ జ్యోతి ప్రజ్వలనకే సరిపోయింది. మిగిలిన కాసేపట్లో పాత సెక్షన్ నంబరు, కొత్త సెక్షన్ నంబరు పట్టిక చదివారు. హత్య సెక్షన్ 302 ఇప్పుడు 103 అని తెలుసుకోవడానికి సభ అవసరమా? కోర్టులో మనకు అడ్డొచ్చేది నంబరు కాదు. సీసీటీవీ పెన్‌డ్రైవ్ సాక్ష్యంగా మార్క్ చేయడానికి వచ్చినప్పుడు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో రెండు భాగాలుండాలి, రెండోది నిపుణుడు నింపాలి, హాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) రాయాలి. అది లేదని ఏ క్షణంలో లేచి అభ్యంతరం చెప్పాలో ఎవరు నేర్పుతున్నారు? పైగా జూనియర్లకు నెలకు బస్సు ఛార్జీలకు కూడా చాలని డబ్బిచ్చి, ఫైళ్ళు మోయించి, ఇదే శిక్షణ అనే సీనియర్లంటే నాకు కోపం. మా సీనియర్ గారు అలాంటివారు కారు కాబట్టే ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

ఆ కేసు తర్వాత మేం నలుగురం కలిసి ఆదివారం పూట చదువు మొదలుపెట్టాం. ఇప్పుడు పదకొండు మందిమి. ఒకరు తన సొంత ఫైలు తెస్తారు, మిగిలినవాళ్ళు అందులో తప్పు వెతుకుతారు. చట్టం ఇంగ్లీషులో చదువుతాం, వాదన తెలుగులో చేసుకుంటాం. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కాలేదన్నట్టే లెక్క. మొన్నటి ఆదివారం రెండు గంటలూ బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 187(3) ఒక్కటే నడిచింది. ఛార్జిషీటు గడువు చెప్పే సెక్షన్ అది. పాత చట్టంలో 'పదేళ్ళకు తక్కువ కాని' అని ఉన్నచోట ఇప్పుడు 'పదేళ్ళు లేదా అంతకు మించి' అని ఉంది. దీన్నిబట్టి ముద్దాయికి రోజులు పెరుగుతాయా పెరగవా అని గొంతులు పోయేలా వాదించుకున్నాం. రిమాండ్ చేసిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023లో కపిల్ వాధవాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఆ రోజే ఇద్దరికి కొత్తగా తెలిసింది. బెయిల్ కేసుల్లో ఒక్క రోజు తేడా కూడా చిన్నది కాదు.

కొత్తగా చేరిన జూనియర్‌కు మొదటి రోజు నేనిచ్చే లెక్క ఒకటే. గంజాయి 14 కిలోలు, రిమాండ్ ఫలానా తేదీ, పిటిషన్ ఏ రోజు వేస్తావు? క్యాలెండర్, పెన్ను చేతికిచ్చి సున్నా చుట్టమంటాను. ఇప్పటికీ చాలామంది 180వ రోజు మీదే చుడుతున్నారు.