మోకాలి చిప్ప కింద బొడిపె: బాస్కెట్‌బాల్ మాన్పించాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పాలకొల్లు. మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడాదిగా రోజూ సాయంత్రం ఇంటి దగ్గర పబ్లిక్ గ్రౌండ్‌లో సిమెంట్ కోర్టు మీద బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. రెండు నెలల నుంచి ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు. అక్కడ చిన్న బొడిపె వచ్చింది. మెట్లు దిగేటప్పుడు, చర్చిలో మోకరించినప్పుడు నొప్పి ఎక్కువ. ఈ ఏడాది నాలుగు వేళ్ల ఎత్తు పెరిగాడు. మా అత్తగారు ఆట మాన్పించమంటున్నారు. తెలిసిన ఆర్‌ఎంపీ గారు బొడిపె దగ్గర ఇంజెక్షన్ వేస్తే పోతుందన్నారు. ఇంకొకరు పసరు కట్టు కట్టించమన్నారు. రెండు నెలల్లో అండర్-17 జిల్లా సెలెక్షన్స్ ఉన్నాయి. ఆట మాన్పిస్తే అన్నం తిననని కూర్చున్నాడు. ఏం చేయమంటారు? – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆట పూర్తిగా మాన్పించక్కర్లేదు. ఇంజెక్షన్ వద్దు, కట్టు వద్దు. మీ బాబు ఎన్నిసార్లు ఎగురుతున్నాడో ఆ లెక్క తగ్గించాలి. వైద్యంలో ముఖ్యమైన భాగం అదే, అది మీ చేతుల్లోనే ఉంది.

మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆస్గుడ్-ష్లాటర్ అనే సమస్య అయి ఉండాలి. 1903లో అమెరికాలో ఒక డాక్టరు, స్విట్జర్లాండ్‌లో ఇంకో డాక్టరు ఎవరికి వారే దీని గురించి రాశారు. ఆ ఇద్దరి పేర్లే దీనికి పెట్టారు. పేరు వింటే భయం వేస్తుంది కానీ, ఎదిగే వయసులో ఎగిరి దూకే ఆటలు ఆడే పిల్లల్లో ఇది తరచూ చూస్తుంటాం. చాలామందిలో ఎదుగుదల ఆగే నాటికి దానంతటదే సర్దుకుంటుంది.

ఎందుకొస్తుందో చెబుతాను, మీ అత్తగారికి కూడా చెప్పండి. తొడ ముందు వైపున్న పెద్ద కండరం మోకాలి చిప్పను పట్టుకుని, చిప్ప కింద నుంచి గట్టి పట్టీలా దిగి, కాలి ఎముక ముందు భాగంలో అతుక్కుంటుంది. పెద్దవాళ్లలో ఆ అతుకు ఉన్న చోటు గట్టి ఎముక. 14 ఏళ్ల కుర్రాడిలో అది ఇంకా లేత ఎముకే. నాలుగు వేళ్లు పెరిగాడన్నారు కదా, అలా గబగబా పెరిగేటప్పుడు ఎముక ముందు సాగుతుంది, కండరం వెనకబడుతుంది. దాంతో కండరం బిగుసుకుని ఉంటుంది. కుర్రాడు ఎగిరినా, కిందికి దిగినా ఆ బిగుసుకున్న కండరం లేత చోటును లాగుతుంది. రోజూ లాగగా లాగగా అక్కడ వాపు వస్తుంది, కొత్త ఎముక పేరుకుని బొడిపె కడుతుంది.

ఎడమ కాలికే ఎందుకు వచ్చిందని మీకు అనిపించి ఉంటుంది. మీ బాబుది కుడిచేతి వాటమేనా? కుడి చేత్తో లేఅప్ (పరిగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వేయడం) వేసే ఆటగాడు ఎడమ కాలి మీద ఎగురుతాడు. సాయంత్రం అంతా దెబ్బ పడేది ఆ కాలికే.

ఇంట్లో ఒకసారి ఇలా చూడండి. బాబుని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు మడిచి పెట్టమనండి. మీ బొటనవేలు చిప్ప మీద ఉంచి మెల్లగా కిందికి జరపండి. ముందు మెత్తగా పట్టీ తగులుతుంది, అది దాటాక గట్టిగా ఎముక గుబ్బ తగులుతుంది. సరిగ్గా ఆ గుబ్బ మీద నొక్కినప్పుడే 'అమ్మా' అని కాలు లాక్కుంటే, మిగతా చోట్ల నొప్పి లేకపోతే, నేను చెబుతున్నది ఇదేనని చాలావరకు అనుకోవచ్చు. అయినా దగ్గర్లోని ఎముకల డాక్టరు గారికి ఒకసారి చూపించండి. కాలు చేత్తో పరీక్ష చేస్తేనే ఇది తెలిసిపోతుంది. అనుమానం ఉంటేనే ఎక్స్‌రే తీస్తారు. పరీక్షలో తుంటి కీలు కూడా తిప్పి చూడమని అడగండి. ఈ వయసులో తుంటిలో సమస్య ఉన్నా నొప్పి మోకాలిలో తెలిసే సందర్భాలు ఉంటాయి.

ఇంజెక్షన్ సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. ఇలాంటి చోట వేసేది ఎక్కువగా స్టెరాయిడ్. దానివల్ల పట్టీ బలహీనపడవచ్చు, పైన చర్మం పలచబడవచ్చు. ఎక్కడో వేయించుకుని నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి బొడిపె మీద చర్మం రూపాయి బిళ్లంత మేర పాలిపోయి, గుంట పడింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. ఆ పిల్లాడు నిక్కరు వేసుకోవడానికి కూడా సిగ్గుపడేవాడు. ఆర్‌ఎంపీ గారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, అయినా ఒప్పుకోవద్దు. పసరు కట్టుతో వారాల తరబడి కాలు కదపకుండా ఉంచితే తొడ కండరం సన్నబడిపోతుంది. బొడిపె మీద నూనె పెట్టి గట్టిగా మర్దన చేస్తే వాపు పెరుగుతుంది. అదీ వద్దు.

ఇప్పుడు అసలు పని. ఒక సాయంత్రం మీరు కానీ, బాబు నాన్నగారు కానీ కోర్టు దగ్గర గట్టు మీద కూర్చోండి. ఇరవై నిమిషాల పాటు వాడు ఎన్నిసార్లు ఎగురుతున్నాడో వేళ్ల మీద లెక్కపెట్టండి. రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చే బంతి) కోసం ఎగరడం, షాట్‌కి ఎగరడం, లేఅప్, బ్లాక్, అన్నీ కలిపి. దాన్ని గంటన్నర ఆటకు లెక్క కట్టండి. వచ్చే అంకె చూస్తే ఆ మోకాలు ఎందుకు మొర పెడుతోందో మీకే అర్థమవుతుంది. పైగా సిమెంట్ నేల. ఇండోర్ స్టేడియంలో చెక్క నేల కాస్త లోపలికి దిగి దెబ్బను తీసుకుంటుంది, సిమెంట్ తీసుకోదు.

మొదటి మూడు వారాలు ఎగరడం ఆపించండి. కోర్టుకి మాత్రం వెళ్లనివ్వండి. ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫీజు లేకుండా, ఎవరి బంతి ఉంటే దానితో, పెద్ద కుర్రాళ్లు చిన్నవాళ్లకి నేర్పిస్తూ ఆడుకునే చోటు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి? అక్కడి నుంచి పిల్లాణ్ణి లాగేస్తే మోకాలి నొప్పి తగ్గకముందే మనసు నొచ్చుకుంటుంది. నేల మీద కాళ్లు ఉంచి చేసే ప్రాక్టీసు బోలెడంత ఉంది. ఫ్రీ త్రో గీత నుంచి బోర్డుకి 4.6 మీటర్లు, రింగు ఎత్తు 3.05 మీటర్లు. అక్కడ నిలబడి ఎగరకుండా రోజూ వంద షాట్లు వేయమనండి. ఎడమ చేత్తో డ్రిబ్లింగ్, గోడకి కొట్టి పట్టుకునే పాస్‌లు కూడా చేయొచ్చు. ఎగరడం మానిన ఈ మూడు వారాల్లోనే కొందరి షాటు బాగా కుదురుతుంది.

నాలుగో వారం నుంచి రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా ఎగరనివ్వండి. నొప్పికి పదికి ఎన్ని మార్కులు అని వాడినే అడగండి. ఆడుతున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి పోవాలి. పొద్దున మెట్లు దిగేటప్పుడు కుంటాడంటే నిన్న ఎక్కువైందన్నమాట. ఆ రోజు షాట్లు మాత్రమే. కోర్టులో పెద్ద కుర్రాళ్లు 'నొప్పి ఓర్చుకుంటేనే ఆట వస్తుంది' అంటుంటారు. వాళ్లకి కూడా ఒకసారి నచ్చజెప్పండి, లేకపోతే మీ వాడు నొప్పి దాచేస్తాడు.

ఆట అయ్యాక ఐసు ముక్కల్ని తువ్వాలులో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టండి. నేరుగా చర్మం మీద పెట్టకూడదు. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రోజున, లివర్ జబ్బులాంటివేమీ లేకపోతే, అన్నం తిన్నాక 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి ఇవ్వొచ్చు. ఆటకు ముందు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో వాడికి తెలియదు.

బిగుసుకున్న కండరాన్ని సాగదీయాలి. పక్కకి తిరిగి పడుకుని, పైకాలి మడమను పిరుదు వైపు మెల్లగా లాగి ముప్పై సెకన్లు ఉంచాలి. తర్వాత వెల్లకిలా పడుకుని, పాదానికి కండువా తగిలించి, కాలు చాచి పైకి లాగాలి. ఒక్కోటి రెండు కాళ్లకీ మూడేసి సార్లు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. బలానికి గోడ కుర్చీ చాలా మంచిది. మనందరికీ బడిలో వేసిన శిక్షే అది! అయితే పూర్తిగా కుర్చీ ఎత్తుకి దిగక్కర్లేదు. నొప్పి రానంతవరకే జారి, ముప్పై సెకన్లు ఉండి లేవాలి. గుంజీళ్లు మాత్రం ఇప్పుడు వద్దు. దూకి దిగేటప్పుడు చప్పుడు కాకుండా, మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా దిగడం నేర్పమని ఆటలో అనుభవం ఉన్నవాళ్లని అడగండి. బూట్లు తిరగేసి చూడండి. అడుగు నున్నగా అరిగిపోయి ఉంటే మార్చాలి. వానాకాలంలో పాకుడు పట్టిన కోర్టు మీద ఆడనివ్వకండి. తుప్పు పట్టిన స్తంభం ఉన్న రింగు పట్టుకుని వేలాడొద్దని గట్టిగా చెప్పండి.

చర్చిలో మోకరించేటప్పుడు మడిచిన దుప్పటి వేయండి, నొప్పిగా ఉంటే కూర్చునే ప్రార్థన చేసుకోనివ్వండి. క్యాల్షియం మాత్రలు అక్కర్లేదు, ఇది క్యాల్షియం తక్కువై వచ్చింది కాదు. పాలు, పెరుగు, గుడ్డు, ముళ్లతో సహా నమిలి తినే నెత్తళ్లు, పరిగెలు పెడితే చాలు. మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కొబ్బరి నీళ్లు మంచివే కానీ చెమటలో పోయే ఉప్పు వాటిలో అంతగా ఉండదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసి పంపండి.

రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి, జ్వరం, మోకాలు మొత్తం వాచి వేడిగా ఉండటం, ఆడకపోయినా తగ్గకుండా పెరిగే నొప్పి, గజ్జలో నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆగకుండా డాక్టరుకి చూపించండి. ఎగిరినప్పుడు 'టప్' మని శబ్దం వచ్చి కాలు చాచలేకపోతే ఆ గుబ్బ ఊడి ఉండవచ్చు. కాలు కదపకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సెలెక్షన్స్‌కి వారం ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఎడమ కాలి మీద ఒంటికాలితో పదిసార్లు గెంతమనండి. నొప్పి లేకుండా గెంతితే పంపండి. మొహం చిట్లిస్తే ఈసారికి ఆపేయండి. మీ బాబుకి 14 ఏళ్లే, వచ్చే ఏడాది కూడా అండర్-17లోనే ఉంటాడు. ఈ మాట నేను చెప్పానని వాడికి చెప్పి, ముందు అన్నం తినమనండి.