మీ ప్రశ్నలు – మా జవాబులు: కార్డు మీద గీత

ప్రశ్న: రువాండాలో మూడు నెలల్లో లక్షల మందిని పక్కింటివాళ్లే చంపారని చదివాను. మనుషులు ఒక్కరోజులో అలా ఎలా మారిపోతారండీ? ముందుగా ఎవరికీ ఏమీ తెలియలేదా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఒక్కరోజులో మారలేదమ్మా. రువాండాలో ఎక్కువమంది హుటూలు, తక్కువమంది టుట్సీలు, చంపించింది హుటూ తీవ్రవాదులు, చచ్చింది ఎక్కువగా టుట్సీలు. 1994 ఏప్రిల్ 6 రాత్రి హుటూ అయిన అధ్యక్షుడు హబ్యరిమానా విమానాన్ని రాజధాని కిగాలీలో కూల్చేశారు. తెల్లారేసరికి రోడ్లకి అడ్డాలు పడ్డాయి, కత్తులు పట్టుకున్న కుర్రాళ్లు వచ్చేపోయేవాళ్లని ఆపి కార్డు చూపించమన్నారు. అందుకే అంతా హఠాత్తుగా జరిగిందనుకుంటాం. కానీ ఆ కార్డు ఎప్పటిది? 1930ల్లో బెల్జియం పాలకులు మొదలుపెట్టిన పద్ధతి అది. 1994 నాటి కార్డు మీద హుటూ, టుట్సీ, ట్వా, తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్లు అని నాలుగు మాటలు అచ్చేసి ఉండేవి, మీది కానివాటి మీద అడ్డంగా గీత కొట్టేవాళ్లు. ఒకే భాష, ఒకే చర్చి, పెళ్లిళ్లు కూడా ఒకళ్లలో ఒకళ్లు చేసుకున్నవాళ్లు, మొహం చూసి ఎవరు ఎవరో చెప్పలేని చోట్ల ఆ గీతే చెప్పింది.

కార్డు ఒక్కటే చాలదు, మాట కూడా కావాలి. 1990 డిసెంబర్‌లో 'కంగురా' అనే పత్రిక 'హుటూలకు పది ఆజ్ఞలు' అచ్చేసింది, టుట్సీ పిల్లని చేసుకున్న హుటూ ద్రోహి అని మొదలవుతుంది అది. 1993 జులైలో హుటూ తీవ్రవాదుల ఆర్‌టీఎల్ఎం అనే రేడియో వచ్చింది. మంచి పాటలు, జోకులు, కుర్రకారు చెవి రేడియోకే అతుక్కుపోయింది, మధ్యమధ్యలో టుట్సీలని 'ఇన్యెంజీ' అనేవాళ్లు, అంటే బొద్దింకలు. మనిషిని చంపాలంటే చెయ్యి వణుకుతుంది, బొద్దింకకి చెప్పు చాలు కదా. హత్యలు మొదలయ్యాక అదే రేడియో మనుషుల పేర్లూ, కార్ల నంబర్లూ చదివింది.

గ్రెగరీ స్టాంటన్ అనే అమెరికన్ పండితుడు ఒక జాతిని తుడిచిపెట్టడానికి దారితీసే ఇలాంటి సూచనలని పది దశలుగా చెప్పాడు. అవి వరుసగా రావని ఆయనే అన్నాడు, అయినా జనం మెట్లలాగా లెక్కపెడుతూ 'ఇంకా అయిదో మెట్టే' అని ఊపిరి పీల్చుకుంటారు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటే: చిన్న హత్యలకి శిక్ష పడుతోందా లేదా. రువాండాలో 1990 నుంచి 1993 దాకా అక్కడక్కడా టుట్సీలని చంపుతూనే ఉన్నారు, 1992లో బుగెసెరాలో వందల మందిని చంపారు. చంపినవాళ్లకి ఏమీ కాలేదు. ఏమీ కాదని అందరికీ అర్థమైంది.

ప్రశ్న: అప్పుడు ఐక్యరాజ్యసమితి సైన్యం అక్కడే ఉందట కదా, ఏం చేస్తున్నట్టు?
– రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ

జవాబు: ఉందండీ, దాదాపు 2,500 మంది. వాళ్ల కమాండర్, కెనడాకి చెందిన రోమియో డలైర్, 1994 జనవరి 11న న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ఆఫీసుకి ఫ్యాక్స్ కొట్టాడు. కిగాలీలో టుట్సీల జాబితా రాయమని తనకి ఆర్డరు వచ్చిందనీ, తన మనుషులు 20 నిమిషాల్లో వెయ్యి మందిని చంపగలరనీ హంతక ముఠా లోపలి మనిషి ఒకడు నాకు చెప్పాడు, ఆయుధాలు దాచిన చోటు మీద దాడి చేస్తాను అని. వద్దన్నారు. పైగా ఆ సంగతి అధ్యక్షుడికే చెప్పమన్నారు! అంటే దొంగతనం గురించి దొంగ ఇంటికే వెళ్లి చెప్పి రమ్మన్నట్టు. హత్యలు మొదలై, పదిమంది బెల్జియం సైనికులు చనిపోయాక, ఏప్రిల్ 21న భద్రతా మండలి ఆ దళాన్ని 270కి తగ్గించాలని తీర్మానించింది. ఆ ఏడాది రువాండా కూడా మండలిలో సభ్యదేశమే, చంపిస్తున్న ప్రభుత్వం ప్రతినిధి అదే బల్ల దగ్గర కూర్చున్నాడు.

మిగిలినవాళ్లలో సెనెగల్ కెప్టెన్ ఎంబాయే జాన్ అనే ఆయన ఉన్నాడు. చేతిలో తుపాకీ లేదు. ఆపినచోటల్లా నవ్వుతూ మాట్లాడి, కారులో కొద్దికొద్దిమందిని దాటిస్తూ వందల మందిని కాపాడాడు. మే 31న ఒక చెక్‌పోస్టు దగ్గర మోర్టార్ షెల్ పడి చనిపోయాడు.

ప్రశ్న: ఊచకోత, మారణహోమం, జెనోసైడ్ – పేపర్లలో అన్నీ కలిపేసి రాస్తారు. చట్టం దృష్టిలో తేడా ఉందా?
– లా విద్యార్థి, వరంగల్

జవాబు: ఉంది, చాలా ఉంది. 1948 జెనోసైడ్ ఒప్పందం ప్రకారం సంఖ్య కాదు, ఉద్దేశం ముఖ్యం. ఒక జాతీయ, తెగ, జాతి లేదా మత సమూహాన్ని, ఆ సమూహం అయినందుకే, పూర్తిగానో కొంతమేరకో నాశనం చెయ్యాలన్న ఉద్దేశం రుజువు కావాలి. రాజకీయ పార్టీలవాళ్లు ఆ లిస్టులో లేరు. చంపడమే కాదు, పిల్లలు పుట్టకుండా చెయ్యడం, పిల్లల్ని లాక్కుపోయి వేరేవాళ్లకి ఇవ్వడం కూడా అందులోకే వస్తాయి. బహిరంగంగా రెచ్చగొట్టడం విడిగా నేరం.

అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి జెనోసైడ్ నేరం రుజువైందని చెప్పిన మొదటి తీర్పు 1998 సెప్టెంబర్‌లో, రువాండాలో టాబా అనే ఊరి మేయర్ జాన్ పాల్ అకయేసు మీద వచ్చింది. ఇతను ముందు హత్యల్ని అడ్డుకున్నాడు! 1994 ఏప్రిల్ 18న ప్రభుత్వ పెద్దలతో మీటింగ్‌కి వెళ్లొచ్చాక మారిపోయాడు. ఆ కేసులోనే, ఒక జాతిని నాశనం చేసే ఉద్దేశంతో జరిగిన అత్యాచారం కూడా జెనోసైడే అని కోర్టు తేల్చింది.

పరీక్షకి పనికొచ్చేది ఇంకొకటి. యూరప్‌లో, బోస్నియాలోని స్రెబ్రెనీసా అనే ఊళ్లో 1995లో బోస్నియా సెర్బుల సైన్యం 8 వేల మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లని, మగపిల్లలని చంపిన విషయంలో, ఆపడానికి పక్కదేశం సెర్బియా ఏమీ చెయ్యలేదని హేగ్ కోర్టు, అంటే దేశాల మధ్య కేసులు వినే అంతర్జాతీయ న్యాయస్థానం, 2007లో చెప్పింది. ప్రమాదం తీవ్రంగా ఉందని తెలిసిన క్షణం నుంచే, లేదా తెలిసి ఉండాల్సిన క్షణం నుంచే, ఆపే బాధ్యత మొదలవుతుందని అంది. శవాలు లెక్కపెట్టేదాకా ఆగక్కర్లేదన్నమాట.

ప్రశ్న: మా హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు రోహింగ్యాలు ఉన్నారు. వాళ్ల దేశంలో వాళ్లకి అసలు ఏం జరిగింది? చట్టం వాళ్లకేమైనా చేసిందా?
– గృహిణి, సంతోష్‌నగర్

జవాబు: ఇక్కడా కార్డు కథేనమ్మా, కాకపోతే తిరగేసి. రువాండాలో కార్డు ఉండి చచ్చారు, మయన్మార్‌లో కార్డు లేకుండా చేశారు. 1982 పౌరసత్వ చట్టం తర్వాత ప్రభుత్వం గుర్తించిన 135 తెగల్లో రోహింగ్యాల పేరు లేదు. వాళ్లకిచ్చిన తాత్కాలిక తెల్లకార్డులు కూడా 2015లో రద్దు చేశారు. 2017 ఆగస్టులో సైన్యం దాడులు మొదలయ్యాక 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. 2019లో గాంబియా, అంత చిన్న దేశం, హేగ్ కోర్టుకి వెళ్లింది, 2020 జనవరి 23న వాళ్లని కాపాడమని మయన్మార్‌కి కోర్టు ఏకగ్రీవంగా ఆదేశించింది. ఆ ఆదేశం అమలు చేయించడానికి కోర్టుకి పోలీసులు లేరు, అదీ నిజమే.

మన సంగతి: 1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు. బాలాపూర్‌లో వాళ్ల దగ్గర ఉండేది ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చిన శరణార్థి కార్డు. జెనోసైడ్ ఒప్పందాన్ని మాత్రం మనం 1959లోనే ఆమోదించాం, దానికి తగ్గ చట్టం ఇక్కడ చెయ్యలేదు. ఆ లోటుని 2018లో ఢిల్లీ హైకోర్టే ఒక తీర్పులో ఎత్తిచూపింది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వర్గం మొత్తాన్ని చెదపురుగులంటూ ఫార్వర్డులు వస్తున్నాయి. నేను ఓవర్‌గా టెన్షన్ పడుతున్నానా?
– పేరు వద్దన్నారు

జవాబు: తిట్టిన ప్రతివాడూ హంతకుడు కాదు, కానీ మీరు ఊరికే టెన్షన్ పడట్లేదు. మయన్మార్‌లో హింస రెచ్చగొట్టడానికి తమ వేదికని వాడకుండా తగినంత చెయ్యలేదని ఫేస్‌బుక్ కంపెనీయే 2018లో ఒప్పుకుంది. స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచండి. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 153ఏ అన్నమాట. అడ్మిన్‌తో గ్రూపులో కాకుండా విడిగా మాట్లాడండి, గ్రూపులో అంటే ఆయన పరువు కోసం వాదిస్తాడు.