పాత బీటా సెటప్ ఫైల్ ఒక్కటి దాచుకుంటే సరిపోతుందా?

మూతపడిన ఒక గేమ్ తయారీ ప్లాట్‌ఫామ్ బీటా (విడుదలకు ముందు పరీక్షకి ఇచ్చే వెర్షన్) సెటప్ ఫైల్ మీ దగ్గరుందని, దాన్ని కాపీ చేసి పెట్టుకుంటే చాలా అని అడిగారు. చాలదండీ. నేను అలా నమ్మే పోగొట్టుకున్నాను.

చదువుకునే రోజుల్లో ఒక చిన్న ప్లాట్‌ఫామ్ బీటాలో నేనూ మా తమ్ముడూ కలిసి ఒక కోట కట్టాం. సైట్ మూసేస్తున్నారని తెలియగానే సెటప్ ఫైల్‌ని సీడీలో రాసి పెట్టాను. ఏళ్ల తర్వాత నడిపితే ‘సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోతున్నాం’ అని చిన్న బాక్స్ వచ్చి ఆగిపోయింది. అప్పుడు ఫైల్ సైజు చూశాను: ఒక ఎంబీ కూడా లేదు. అసలు ప్రోగ్రామ్‌ని సర్వర్ నుంచి దించడమే దాని పని. దించిన సరుకంతా విండోస్‌లో ప్రోగ్రామ్‌లు తమ ఫైళ్లు దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉండేది. ఆ కంప్యూటర్‌ని అప్పటికే ఫార్మాట్ చేసేశాం. ఆ కోట గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే మీరు ముందు వెతకాల్సింది అప్పట్లో దాన్ని ఇన్‌స్టాల్ చేసిన హార్డ్ డిస్క్. దొరికితే ఆ కంప్యూటర్‌ని ఆన్ చేసి ఆడి చూడకండి. నెట్ తగిలితే కొన్ని ప్రోగ్రామ్‌లు తమంతట తామే అప్‌డేట్ అయి పాత వెర్షన్‌ని తుడిచేస్తాయి. డిస్క్‌ని తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి, మొత్తానికి ఇమేజ్, అంటే డిస్క్ అంతటికీ ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా నకలు, తీయండి. ఫైళ్ల తేదీలు కూడా అలాగే నిలుస్తాయి. అది ఏ వెర్షన్ అని తేల్చడానికి చాలాసార్లు ఆ తేదీలే ఆధారం.

మీరు కట్టిన మ్యాప్ ఫైళ్లూ చూడండి. ఆటలు కట్టుకుని ఆడుకునే రోబ్లాక్స్‌నే తీసుకోండి, అది 2004లో డైనాబ్లాక్స్ అనే పేరుతో మొదలై 2006లో అందరికీ వచ్చింది. దాని తొలినాళ్ల ప్లేస్ ఫైళ్లు (అందులో మ్యాప్‌లని అలా అంటారు) ఎక్స్‌ఎంఎల్ అనే అక్షరాల రూపంలో ఉండేవి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ ఇటుక ఎక్కడుంది, ఏ రంగు అనేది చదువుకోవచ్చు. కానీ బొమ్మ, శబ్దం ఉండాల్సిన చోట సైట్ అడ్రసు, ఒక నంబరు మాత్రమే కనిపిస్తాయి. సర్వర్ పోతే అవీ పోయినట్టే, ఒకసారి దించినవాటిని కంప్యూటర్ తాత్కాలికంగా దాచే క్యాష్ ఫోల్డర్‌లో మిగిలితే తప్ప. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్ 2.0 ప్రాజెక్టు ఫైల్ అలా కాదు. అదొక జిప్ (ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూట), బొమ్మలూ శబ్దాలూ అందులోనే ఉంటాయి. అందుకే 2013 నాటివి ఇప్పటి వెర్షన్‌లోనూ తెరుచుకుంటాయి.

ఆశ మాత్రం వదలకండి. 2010లో కొన్ని గంటలే అందుబాటులో ఉన్న మైన్‌క్రాఫ్ట్ గేమ్ తొలి వెర్షన్లలో ఒకటైన ఆల్ఫా 1.1.1 ఇక దొరకదనే అనుకున్నారు. 2021లో, అప్పట్లో దించుకున్న ఒకరి దగ్గర దొరికింది.

ముందు మీ సెటప్ ఫైల్ సైజు ఎంతో చూసి ఇక్కడ రాయండి. పది ఎంబీ దాటితే ప్రోగ్రామ్ అందులోనే ఉండే అవకాశం ఉంది. అప్పుడు నెట్ తీసేసిన వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) ఎలా తెరవాలో చెబుతాను.