మొదటి రైలు లేటై సికింద్రాబాద్‌లో రెండో రైలు తప్పిపోతే డబ్బు వస్తుందా?

రెండు పీఎన్‌ఆర్‌లనూ ముందే లింక్ చేసుకుంటే వస్తుంది. లేకపోతే రైల్వే దృష్టిలో అవి రెండు వేర్వేరు ప్రయాణాలు. రెండో రైలుకు మీరే రాలేదన్నట్టు లెక్క.

ఈ లింక్ సౌకర్యం 2019 ఏప్రిల్ 1 నుంచి ఉంది. రెండు టికెట్లలో పేరు, వయసు, లింగం అక్షరం తేడా లేకుండా ఉండాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే: ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం. గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కు వచ్చి పుణె రైలు ఎక్కాలంటే, రెండో టికెట్ కూడా సికింద్రాబాద్ నుంచే తీసుకోండి. నాంపల్లి, కాచిగూడ అని పెట్టుకుని ఇరుక్కోవద్దు.

రైలు తప్పిందా, మొదటి రైలు నిజంగా వచ్చిన సమయం నుంచి 3 గంటల్లోపు కదలాలి. ఈ-టికెట్ అయితే ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (డబ్బు వాపసు కోరే ఆన్‌లైన్ దరఖాస్తు), కౌంటర్ టికెట్ అయితే కౌంటర్‌లోనే రద్దు. ప్రయాణించని భాగం ఛార్జీ కోతల్లేకుండా వస్తుంది. ప్రయాణించేసిన మొదటి టికెట్‌కు పైసా రాదు.

లింక్ లేకున్నా, మీరు ఎక్కాల్సిన రైలే 3 గంటలకు పైగా లేటైతే ఎక్కకుండా పూర్తి డబ్బు అడగొచ్చు, కన్ఫర్మ్ తత్కాల్‌కైనా సరే. కాకపోతే ఆ రైలు కదిలేలోపే టీడీఆర్ వేయాలి.

శంషాబాద్‌లో విమానం తప్పితే ఈ నియమాలు పనికిరావు. వినియోగదారుల కమిషనే దారి. రైలు 4 గంటలు లేటై విమానం తప్పిన కేసులో, ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోతే రైల్వే పరిహారం కట్టాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.