అన్నం తగ్గిస్తే షుగర్ దిగింది, కొబ్బరి పెంచితే కొలెస్ట్రాల్ ఎక్కింది

అమలాపురం దగ్గర ఉండే మీ నాన్నగారికి 61 ఏళ్లు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 150, మూడు పూటలా అన్నమే అని రాశారు. మన వైపు తిండితో లో కార్బ్ (పిండిపదార్థం తగ్గించి తినడం) కుదురుతుందా, కొబ్బరి ఎంతైనా తినొచ్చా అని అడిగారు. కుదురుతుందండి. కొబ్బరి సంగతి మాత్రం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

నాది పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి పక్కన ఊరు, రొయ్యల చెరువులు చేస్తాను, వయసు 54. నాలుగేళ్ల కిందట కాలి మీద పుండు ఎన్నాళ్లకీ మానకపోతే రక్తపరీక్ష చేయించారు. హెచ్‌బీఏ1సీ 9.1. చెరువులో రోజూ ఆక్సిజన్ చూస్తాను, పీహెచ్ చూస్తాను, చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాను. రొయ్యకి ఎన్ని కిలోలు వేశానో పుస్తకంలో రాసుకునేవాడిని, నా కంచంలో ఎంత పడుతోందో ఒక్కరోజూ చూడలేదు.

అప్పుడు ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. రోజూ ఎలా వడ్డిస్తావో అలాగే వడ్డించు అని మా ఆవిడతో చెప్పాను. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పులుసులోకి, ఆఖర్న పెరుగులోకి. ఒక్కో వడ్డనా కాటా మీద పెట్టి రాసుకుంటే మొత్తం 480 గ్రాములు తేలింది. "ఇంతేనా, ఇవాళ తక్కువే తిన్నారు" అంది ఆవిడ. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అంటే ఆ ఒక్క పూటకే 135 గ్రాములు. రోజు మొత్తానికి 130 లోపు ఉంటే లో కార్బ్ అంటారు. పొద్దున్న తిన్న ఇడ్లీలు, రాత్రి భోజనం ఇంకా లెక్కలోకే రాలేదు.

నేను అన్నం మానలేదు. మధ్యాహ్నం 120 గ్రాములు, రాత్రి అస్సలు లేదు. మీ నాన్నగారికీ ముందు ఇదే చెప్పండి, మానెయ్యమంటే మనవాళ్లు మొదటి రోజే ఎదురు తిరుగుతారు. రెండో మార్పు వరస. ముందు గిన్నెడు కూర (ఆనపకాయ, బీరకాయ, తోటకూర, పనసపొట్టు, ఏదైనా సరే), దాంతో చేప ముక్కలో గుడ్డో, ఆ తర్వాతే అన్నం. కూర ఒట్టిదే తినాలి కాబట్టి ఉప్పు, కారం తగ్గించి వండాలి. ఇది మా ఇంట్లో రెండు వారాల గొడవ. అదే కూర, అదే 120 గ్రాముల అన్నం ఒకరోజు ఎప్పటిలా కలిపి తిన్నాను, మర్నాడు ఈ వరసలో తిన్నాను. తిన్న రెండు గంటల తర్వాత షుగర్ మీటర్ మొదటి రోజు 196, రెండో రోజు 163 చూపించింది.

అన్నిటికన్నా కష్టమైంది పెరుగన్నం. కూరలు మారినా ఒప్పుకున్నాను కానీ, పెరుగు కలుపుకోకుండా కంచం ముందు నుంచి లేవడం నా వల్ల కాలేదు. చివరికి ఉన్న 120లోనే రెండు ముద్దలు మిగుల్చుకుని పెరుగు ఎక్కువ పోసుకుంటున్నాను.

మీటర్ ఇంట్లో ఉంటే చాలా అపోహలు వాటంతటవే పోతాయి. రాగి జావ షుగర్‌కి మందులాంటిదని మా అక్క రోజూ పంపేది. పెద్ద గ్లాసు తాగి చూస్తే 221. రాగిపిండిలోనూ పిండిపదార్థం బియ్యంతో దాదాపు సమానమే, పైగా జావ చేస్తే నమలకుండానే దిగిపోతుంది. రాత్రి చపాతీలూ అంతే, మూడు తింటే అన్నం మానిన ఫలితం లేదు. పెసరట్టు నయం, ఉప్మా లేకుండా ఒకటిన్నర వరకు. బెల్లం, తాటిబెల్లం షుగర్ పేషంటుకి పంచదార కిందే లెక్క.

బియ్యం రకం మారిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్క) తక్కువ ఉన్న రకమని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలు పరీక్షించి చెప్పింది. మన చేలల్లో పండేదాంట్లో బోలెడంత అదే, కానీ పండించి అమ్మేసి సన్నబియ్యం కొనుక్కుని తింటాం! స్వర్ణ దొరికితే వండుకోండి, కానీ 480 గ్రాములు తింటే స్వర్ణ కూడా కాపాడలేదు.

ఇక కొబ్బరి. మొదటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 310, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డీఎల్ 132. అన్నం తగ్గించాక కడుపు నిండటానికి నేను పట్టుకున్నది కొబ్బరినే. పచ్చికొబ్బరి ముక్కలు, కొబ్బరిపాలు పోసిన కూరలు, పొద్దున్నే కొబ్బరినూనె, పైన నెయ్యి. కొబ్బరిలో పిండిపదార్థం తక్కువ కదా అని ధైర్యం. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 6.9కి, ట్రైగ్లిజరైడ్లు 165కి దిగాయి, హెచ్‌డీఎల్ 41కి పెరిగింది. నేను రిపోర్టు ఊపుకుంటూ వెళ్తే డాక్టరుగారు వేలు కింది గీత మీద పెట్టారు. ఎల్‌డీఎల్ 178.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. అన్నం, తీపి తగ్గితే షుగరూ ట్రైగ్లిజరైడ్లూ తగ్గుతాయి. ఎల్‌డీఎల్ మాత్రం వాటి బదులు ఏం తింటున్నామో దాన్ని బట్టి ఉంటుంది. కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్లకు పైగా శాచురేటెడ్ కొవ్వే, అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. ఆ తర్వాత మా ఇంట్లో కొబ్బరి పచ్చడికి పరిమితమైంది. దాని చోట వేరుశనగపప్పు గుప్పెడు, చేపలు, నరసాపురం వైపు నుంచి వచ్చినప్పుడు కవళ్లు అనే చిన్న చేపలు. మాత్రల్లోకి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) చేరింది. నాలుగు నెలలకి ఎల్‌డీఎల్ 84. ఇందులో మాత్ర వాటా ఎంత, తిండి వాటా ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను, మాత్రదే ఎక్కువని అనుకుంటున్నాను. అందుకే తిండితోనే కొలెస్ట్రాల్ తగ్గించేసుకున్నానని ఎవరైనా అంటే స్టాటిన్ వాడుతున్నారా అని అడగండి.

రొయ్యలు పెంచేవాడిని కాబట్టి ఇదీ చెప్పాలి. రొయ్యలో కొలెస్ట్రాల్ ఉంటుంది, కాదనను. కానీ శాచురేటెడ్ కొవ్వు చాలా తక్కువ. వారానికి రెండుసార్లు తినడానికి డాక్టరుగారు అడ్డు చెప్పలేదు. వేపుడుకి పోసే నూనె, ఇగురులో పోసే కొబ్బరిపాలు చూసుకోమన్నారు.

బంధువుల పోరు ఒకటి ఉంటుంది, మీకు తెలియనిది కాదు. "అదేంటి బాబూ, అన్నం తినట్లేదంట, ఏం రోగమో" అని మా పిన్ని ఊరంతా చెప్పింది. సంక్రాంతికి అల్లుళ్లతో పాటు నా కంచంలోనూ అరిసెలు పడ్డాయి, మూడు రోజులు నా మాట నేనే వినలేదు. నాలుగో రోజు పరగడుపున 171. మళ్లీ దారిలో పడటానికి వారం పట్టింది.

అసలు భయపడాల్సింది వేరే. మొదట్లో నేను చెప్పాపెట్టకుండా అన్నం కోసేశాను, మాత్రలు పాతవే వేసుకుంటున్నాను. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్, అంటే తిండి తగ్గినా షుగర్ దించేసే మాత్ర. తొమ్మిదో రోజు పదకొండింటికి చెరువు గట్టు మీద ఉన్నాను. ఏరేటర్ స్విచ్ వెయ్యబోతే చెయ్యి వణికి ఆనలేదు. చెమట్లు, కళ్లు మసక. ఎండ దెబ్బేమో అనుకున్నాను. మోటారు షెడ్డులో మీటర్ ఉండబట్టి చూస్తే 58. టీకని ఉంచిన పంచదార మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 94. ఆ సాయంత్రమే డాక్టరుగారు గ్లిమెపిరైడ్ సగం చేశారు, నెల తర్వాత తీసేశారు. గట్టు మీద ఒక్కడినే ఉన్నాను, చెరువులో పడి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

మీ నాన్నగారు ఏ మాత్రలు వేసుకుంటున్నారో మీరు రాయలేదు. గ్లిమెపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ ఉంటే ఒక్క ముద్ద తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు ఉన్నా అంతే. వాటితో పిండిపదార్థం మరీ తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు, షుగర్ మీటర్‌లో పెద్ద అంకె కూడా కనపడకపోవచ్చు. క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసేది) ఈ మధ్య చేయించకపోతే చేయించండి. ఈ ఆదివారం ఊరెళ్తే అమ్మగారికి ఒక కాటా కొనిపెట్టి, ఆయన రోజూ తినే అన్నం తూచి రాయండి. ఆ అంకె, మాత్రల పేర్లు ఇక్కడ పెడితే నాకు తెలిసినంతలో చెప్తాను.